నింపే చేతులు

తెలుగులో లోడర్ అంటే లారీలకు బస్తాలెత్తే మనిషి. గంజుల్లో, సిమెంటు గోదాముల్లో, గూడ్సు షెడ్లలో కనిపిస్తాడు. హమాలీ అంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లండు వేట మైదానాల్లో లోడర్ పని వేరు. ఒకాయన తుపాకి పేలుస్తుంటే ఆయన వెనక నిలబడి, రెండో తుపాకిలో తూటాలు నింపి, చేతికి అందిస్తూ ఉండాలి. పేల్చే మనిషిని అక్కడ 'గన్' అంటారు. ఇవాళ ఎనిమిది మంది గన్లు వచ్చారు అంటారు. మనిషికి తుపాకి పేరే పెట్టేశారు. నింపేవాడికి మాత్రం నింపడమే పేరు.

2018 నవంబరులో ఒక శనివారం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనా పని చేశాను. ఎక్కడో యార్క్‌షైర్ అడవంచున ఒక దొర తుపాకి నింపిన సంగతి మన ఉనికి గురించిన పుస్తకంలో ఎందుకని మీరడగొచ్చు. మా ఇంట్లో ఈ పని చేసిన మొదటివాణ్ణి నేను కాదు. మా దాదా చేశాడు. ఆయన చేసింది ఒక్క రోజు కాదు. ఆ పని తాలూకు లెక్క మూడు తరాలుగా మా ఇంటి మీద నడుస్తూనే ఉంది. అందుకని రాస్తున్నాను.

పత్రికల పనికి సంబంధించిన మూణ్ణెల్ల శిక్షణకని అప్పుడు లీడ్స్‌లో ఉన్నాను. మా ఖాలా కొడుకు అక్కడే లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాడు. అతని దగ్గర పన్ను లెక్కలు రాయించుకునే ఒక ముసలాయన ఉన్నాడు. పశువుల డాక్టరుగా రిటైరైనవాడు. తండ్రి నుంచి వచ్చిన జత తుపాకులున్నాయి. ఆయన లోడర్ మణికట్టు విరిగి మంచాన పడ్డాడు. రోజు కూలి, మధ్యాహ్నం భోజనం ఇస్తానన్నాడట. "జాతే క్యా మియా?" అని అడిగాడు భాయీజాన్ నవ్వుతూ. "జాతూఁ" అన్నాను. నవ్వులాటకి అనలేదు. దాదా చేతులు ఏం చేసేవో ఒకసారి నా చేతులతో తెలుసుకోవాలనిపించింది.

ఈ వేటలో వేటగాడు పిట్ట వెంట పోడు. పిట్టనే ఆయన మీదికి తోలుకొస్తారు. మన దగ్గర షికారులో హాంకా అనేది ఇదే. గన్లు వరసగా, నెంబరు వేసి పాతిన గూటాల దగ్గర నిలబడతారు. ఎవరికి ఏ గూటమో పొద్దున్నే చీటీలు తీసి తేలుస్తారు. అవతల అడవిలోంచి బీటర్లు వరస కట్టి, కర్రలతో చెట్లు కొడుతూ నడిచొస్తారు. పిట్టలు లేచి గన్ల నెత్తి మీదుగా ఎగురుతాయి. ఆ పిట్ట పేరు ఫెజెంట్. కోడంత ఉంటుంది, పొడుగు తోక. ఎప్పుడో శతాబ్దాల కింద ఆసియా నుంచి అక్కడికి తెచ్చిన పిట్ట. ఇప్పుడు ఇంగ్లండు పల్లెటూరి బొమ్మ గీస్తే అది లేకుండా గీయరు. దాన్ని మాత్రం ఎక్కణ్నుంచి వచ్చావని ఎవరూ అడగరు.

ముసలాయన రెండు సాయంత్రాలు తన కొట్టంలో నాకు పని నేర్పాడు, ఉత్తుత్తి తూటాలతో. తుపాకులు రెండూ కవలలు. ఒకదాని మీద ఒకటి, ఇంకోదాని మీద రెండు అని బంగారు అంకెలు. రెండు గొట్టాలూ పేలగానే ఆయన సేఫ్టీ వేసి ఖాళీ తుపాకిని కుడిచేత్తో ఇస్తాడు. నేను ఎడమచేత్తో అందుకోవాలి. ఆ క్షణంలోనే నా కుడిచేతిలోని నిండు తుపాకి ఆయన ఎడమచేతిలో పడాలి. మార్చుకునేటప్పుడు గొట్టాలు ఆకాశం వైపే ఉండాలి. ఖాళీది విరిచి పట్టుకుంటే కాలిన తూటాలు వాటంతటవే ఎగిరి పడతాయి. వేళ్ళ సందున ముందే పట్టుకున్న రెండు కొత్త తూటాలు దూర్చి, గొట్టాలు నేల వైపే ఉంచి, చెక్క మడమను పైకెత్తి మూయాలి. గొట్టాలను పైకి విసిరి మూయకూడదు. అలా మూస్తే తుపాకి చెడుతుంది, ఒక్కోసారి పేలుతుంది కూడా.

ఆయన మొహం ఎప్పుడూ ఆకాశం వైపే ఉంటుంది. వెనక్కి చూడడు. చెయ్యి చాస్తే తుపాకి అక్కడ ఉండాలి. "నువ్వున్నావని నాకు గుర్తు రాకపోతే నువ్వు మంచి లోడర్‌వి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను మాత్రం చాలాసేపు దాన్నే నమిలాను.

మొదటి సాయంత్రమే ఒక మాట అడిగాను. నాకు లైసెన్సు లేదు, ఊరు కాని ఊరు, నా పేరు ఇదీ, మీ తుపాకి నా చేతిలో ఉంటే ఎవరైనా పట్టుకోరా అని. ఆయన నవ్వి చట్టం చెప్పాడు. 1968 నాటి బ్రిటిష్ ఆయుధాల చట్టంలో 11వ సెక్షన్ ఉంది. సర్టిఫికెట్ ఉన్న మనిషి తుపాకిని, అతను చెప్పినట్టు, అతని వాడకం కోసం, వేట పనికి మాత్రమే మోసేవాడికి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. మోసేవాడి చెయ్యి చట్టం దృష్టిలో యజమాని చేతికి కొనసాగింపు.

మీకిది మామూలు సంగతి కావొచ్చు. నాకు కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుబడి, జైళ్ళలో మగ్గి, తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చిన పాతబస్తీ కుర్రవాళ్ళ గురించి వార్తలు రాసినవాణ్ణి. వాళ్ళ చేతుల్లో ఏమీ లేకపోయినా ఉందన్నారు. ఇక్కడ నా చేతిలో తుపాకి ఉంది, నిండుగా ఉంది, ఎవరికీ అభ్యంతరం లేదు. ఎందుకంటే అది నాది కాదు. నా ఇష్టప్రకారం నేను పేల్చను. ఇంకొకరికోసం పట్టుకున్నంతసేపూ నేను భద్రమైన మనిషిని.

ఇక ఆ రోజు. పొద్దున్నే మంచు. ఈల వినిపించింది. అడవిలోంచి కర్రల చప్పుడు దగ్గరికొస్తోంది. మొదటి పిట్ట ఒంటరిగా లేచింది. తర్వాత పది, ఇరవై. ఆ తర్వాత నాకు ఆకాశం కనిపించలేదు. చేతులే కనిపించాయి. ఇవ్వు, పుచ్చుకో, విరువు, దూర్చు, మూయి, ఇవ్వు. గొట్టాలు చెయ్యి కాలేంత వేడెక్కాయి. ముక్కులో మందు వాసన. కాళ్ళ చుట్టూ ఎర్రటి ఖాళీ తూటాలు. లోడర్‌కి ఇంకో పని కూడా ఉంది, లెక్క. తన గన్ ఎన్ని పిట్టలు కొట్టాడు, ఏది ఎక్కడ పడింది, ఏది గాయంతో పొదలోకి పోయింది గుర్తుపెట్టుకొని, తోలకం అయ్యాక కుక్కలతో వచ్చేవాళ్ళకు చెప్పాలి. పేల్చినవాడికి పేల్చిన సంతోషం. ఏం జరిగిందో గుర్తుంచుకోవడం నింపినవాడి వంతు.

నాలుగు తోలకాలయ్యాయి. మధ్యలో భోజనం. గన్లు ఇంట్లో బల్ల దగ్గర తిన్నారు. లోడర్లు, బీటర్లు కొట్టంలో. ఎవరూ ఎవర్నీ అవమానించలేదు. బీటర్లలో ఒక బస్సు డ్రైవరున్నాడు, ఒక కాలేజీ పిల్ల ఉంది. అందరూ కూలికీ సరదాకీ వచ్చినవాళ్ళే. సీజను చివర్లో బీటర్లకోసమే ఒక వేట రోజు పెడతారని, ఆ రోజు తుపాకులు తమ చేతికే వస్తాయని చెప్పారు. మా దాదా కాలంలో అలాంటి రోజు లేదు.

సాయంత్రం చచ్చిన పిట్టల్ని జతలు జతలుగా తాళ్ళకు వేలాడదీశారు. మూడువందలు దాటాయి. ఆ ఇంటి గేమ్ బుక్‌లో లెక్క రాస్తుంటే చూశాను. తేదీ, చోటు, గన్ల పేర్లు, పిట్టల రకం, మొత్తం. అంతే. లోడర్ పేరు రాయడానికి గడి లేదు.

అక్కడికి దగ్గర్లోనే రిపన్ అనే ఊరుంది. ఆ పేరు మనకు తెలుసు. మద్రాసు కార్పొరేషన్ వారి రిపన్ బిల్డింగు ఆ పేరుతోనే ఉంది. 1880 నుంచి 1884 దాకా వైస్రాయ్‌గా ఉండి స్థానిక స్వపరిపాలన తెచ్చాడని పాఠాల్లో చదువుకున్న రిపన్ ప్రభువు. ఆయన కొడుకు, రెండో రిపన్ ప్రభువు, ఇంగ్లండులో గొప్ప గురికాడు. జీవితంలో ఐదు లక్షలకు పైగా వేట చేశాడని లెక్క. 1923 సెప్టెంబరులో వేట మైదానంలోనే చనిపోయాడు. ఆయన మూడు తుపాకులు, ఇద్దరు లోడర్లతో పేల్చేవాడు. అంటే ఆ ఐదు లక్షల వెనక ఎప్పుడూ ఇంకో నాలుగు చేతులున్నాయి. ఖ్యాతి మాత్రం రెండు చేతులకే వచ్చింది.

ఆ కాలంలో గన్ల వరసలో నిలబడ్డ నల్లవాడూ ఒకడున్నాడు. పంజాబు మహారాజా దులీప్ సింగ్. 1849లో పసివాడుగా ఉండగానే రాజ్యాన్నీ, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌నూ కంపెనీకి పోగొట్టుకున్నాడు. ఇంగ్లండులో ఎల్వెడెన్ అనే ఎస్టేటు కొనుక్కొని, 1876లో ఒక్కరోజే 780 కౌజులు కొట్టాడు. రాజ్యం పోయినా ఆయన పేల్చేవాడుగానే మిగిలాడు. పెద్దవాళ్ళు ఓడిపోయినా పెద్దవాళ్ళ వరసలోనే ఓడిపోతారు.

మన దగ్గరి సంగతికొస్తాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకు పేరుమోసినవాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండ అడవిలో వేటాడాడు. చచ్చిన పులి దగ్గర కర్జన్, ఆయన భార్య నిలబడ్డ ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో అచ్చవుతుంది. ఆ ఫోటో చూసినప్పుడల్లా నేను ఫ్రేము బయట వెతుక్కుంటాను. తుపాకి నింపినవాడు ఏ పక్కన నిలబడ్డాడో, డప్పు కొట్టి పులిని తోలినవాడు ఎక్కడున్నాడో అని.

నెక్కొండకు పాఖాల ఎంతో దూరం కాదు. మా దాదా పాఖాల అడవి పక్క పల్లెవాడు. వాళ్ళ నాన్న బండి తోలేవాడు. రెండెకరాల చెలక, ఒక గుడిసె. చేతులు వణకవని, మాట తక్కువని ఒక జాగీర్దారు ఆయన్ని షికారుకు బందూక్‌బర్దార్‌గా పెట్టుకున్నాడు. జీతం జొన్నలు. జాగీర్దారు మంచె మీద కూర్చుంటే దాదా వెనక కూర్చొని రెండో తుపాకి నింపి పట్టుకునేవాడు. నడుముకు ఒక కత్తి కూడా ఉండేది. జింకో దుప్పో పడితే ప్రాణం పోకముందే పరుగెత్తి జిబహ్ చేయాలి. లేకపోతే మాంసం హలాల్ కాదు. యార్క్‌షైర్‌లో సాయంత్రం ముసలాయన నాకూ ఒక జత పిట్టలిచ్చాడు. గుళ్ళ దెబ్బకు చచ్చిన పిట్ట, జిబహ్ కానిది, తినకూడదనే హనఫీ ఉలేమాల్లో ఎక్కువమంది చెబుతారు. మా భాయీజాన్ పక్కింటి ముసలమ్మకు ఇచ్చేశాను. ఆమె సంబరపడింది. నాకు దాదా కత్తి గుర్తొచ్చింది. తుపాకి ఆయనది కాదు. కత్తి మాత్రం ఆయనదే.

"బందూక్ ఉనోంకీ, బోఝ్ హమారా" అనేవాడట దాదా. తుపాకి వాళ్ళది, బరువు మనది. ఇవన్నీ నాకు చెప్పింది దాదీ.

హాంకా కొట్టేది వెట్టివాళ్ళు. మాదిగవాడల నుంచి, కోయగూడేల నుంచి, లంబాడి తండాల నుంచి పట్టుకొచ్చేవాళ్ళు. డప్పులు, రేకు డబ్బాలు కొడుతూ పులిని మంచె వైపు తోలాలి. దాదా తుపాకి వెనక కూర్చునేవాడు. వాళ్ళు తుపాకికి ఎదురుగా నడిచొచ్చేవాళ్ళు. ఈ తేడా దాచిపెట్టి మా దాదా కూడా పీడితుడే అని రాస్తే అది సగం నిజమే అవుతుంది. పీడనలో కూడా మెట్లున్నాయి. దాదా ఒక మెట్టు పైనే ఉన్నాడు.

ఒకసారి దెబ్బ తిన్న పులి వెనక్కి తిరిగి హాంకా వరస మీద పడింది. జాగీర్దారు చేతిలోది ఖాళీ తుపాకి. ఆయన బిగుసుకుపోయాడు, చెయ్యి చాచలేదు. నిండు తుపాకి దాదా చేతిలో ఉంది. దాదా పేల్చలేదు. బందూక్‌బర్దార్ పేల్చకూడదు. చాచని చేతికి ఇవ్వడానికీ లేదు. ఒక కోయ పిల్లవాడు చచ్చిపోయాడు. జాగీర్దారు ఒక బస్తా జొన్నలు పంపించాడు. ఆ బస్తా గూడానికి మోసుకుపోయింది దాదాయే. అప్పుడాయన నిజంగా తెలుగు అర్థంలో లోడర్. ఆ తర్వాత ఏ షికారు మాంసమూ ఆయన నోట పెట్టలేదని దాదీ చెప్పేది. పని మాత్రం మానలేదు. మానితే జొన్నలు లేవు.

1948 వచ్చింది. రజాకార్లు చేసిన ఘోరాలను కాదనడానికి ఈ మాటలు రాయడం లేదు. బైరాన్‌పల్లిని ఎవరు మరిచిపోగలరు? రజాకార్లను విమర్శించినందుకు ఆ ఆగస్టులోనే హతమైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ నా వృత్తివాడు, నా మతంవాడు. దేశ్‌ముఖును ఎదిరించి ప్రాణాలిచ్చిన బందగీ కూడా మావాడే. కానీ సెప్టెంబరు 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసిన పోలీసు చర్య తర్వాత ఈ తేడాలు అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ఎక్కువ, మన తెలంగాణ జిల్లాల్లో తక్కువ. ఆ నివేదిక జనం చదవడానికి 2013 దాకా ఆగాల్సొచ్చింది.

జాగీర్దారు ముందే పట్నం చేరుకున్నాడు. తుపాకులు ఆయనతో పోయాయి. మరుసటేడు జాగీర్లు రద్దయ్యాయి, ఆయనకు పరిహారం దొరికింది. పల్లెలో మిగిలింది దాదా. ఆయన్ని ఠాణాకు తీసుకుపోయారు. తుపాకి ఏదీ అన్నారు. నాది కాదన్నాడు. ఎందర్ని కాల్చావన్నారు. ఒక్కసారి కూడా పేల్చలేదన్నాడు. ఇన్నేళ్ళు తుపాకి పట్టుకొని ఒక్కసారీ పేల్చనివాడు ఉంటాడా అని కొట్టారు. పేల్చలేకపోయినందుకు ఆయన లోపల కుమిలిపోతున్నాడు. పేల్చలేదని బయట ఎవర్నీ నమ్మించలేకపోయాడు. ఆయన కోసం ఏ 11వ సెక్షనూ లేదు.

ఇవాళ సభల్లో, టీవీల్లో, ఒక్కోసారి మా ఆఫీసు క్యాంటీన్‌లో కూడా, మీ నిజాం అనే మాట వినిపిస్తుంది. మీరు మమ్మల్ని ఏలారు అంటారు. కొందరు ప్రేమగానే అంటారు, అప్పుడు బిర్యానీ ప్రస్తావన వస్తుంది. కొందరు పళ్ళు బిగించి అంటారు. మొన్నటిదాకా నేను చరిత్ర చెప్పేవాణ్ణి. నిజాం కొలువులో హిందూ దేశ్‌ముఖులు, హిందూ దివాన్లు ఉన్నారని లెక్కలు తీసేవాణ్ణి. ఇప్పుడు లెక్కలు తీయను. ఒకటే అడుగుతాను. తుపాకి ఎవరిది, నింపింది ఎవరు, తోలుకొచ్చింది ఎవరిని, ఈ మూడూ వేర్వేరుగా చెప్పి తర్వాత మాట్లాడండి అని. తెలంగాణ ముస్లింలలో ఎక్కువమంది నింపినవాళ్ళే. దూది ఏకినవాళ్ళు, బండి తోలినవాళ్ళు, జట్కా నడిపినవాళ్ళు, కసాబులు, ఫకీర్లు. వాళ్ళు ఏలలేదు. ఏలినవాడి పేరు వాళ్ళ పేరులా వినిపించింది, అంతే.

మరి నింపిన చేతికి బాధ్యత లేదా? ఉంది. యార్క్‌షైర్‌లో ఆ రోజు పడిన పిట్టల్లో నా నింపుడు ఉంది. ఆ కోయ పిల్లవాడి చావులో దాదా మౌనం ఉంది. ఆ మాట ఆయనే అన్నాడు, వేరెవరో అనక్కర్లేదు. కానీ నింపినవాడి బాధ్యత వేరు, పేల్చినవాడి బాధ్యత వేరు. రెండూ ఒకటే అన్నప్పుడు లాభపడేది పేల్చినవాడే. ఆయన పట్నం పోతాడు, ఠాణాకి నింపినవాడు పోతాడు.

దాదా ఠాణాలో పదకొండు రోజులున్నాడు. పన్నెండో రోజు గూడెం నుంచి, తండా నుంచి, మాదిగవాడ నుంచి మనుషులు వచ్చారు. అందులో ఆ చచ్చిపోయిన పిల్లవాడి తండ్రి కూడా ఉన్నాడు. "ఈయన దొర తుపాకి మోసినోడు సారూ, కాల్చినోడు గాదు" అని చెప్పారట. ఎలా తెలుసని అడిగితే, "మేం ఎదురుంగ ఉన్నోళ్ళం గదా" అన్నారట.

పల్లెలో చదువుకున్నవాళ్ళున్నారు, పట్వారీ ఉన్నాడు, పటేల్ ఉన్నాడు. వాళ్ళెవరికీ ఆ తేడా కనిపించలేదు. తుపాకికి ఎదురుగా నడిచినవాళ్ళకు కనిపించింది. ఆ సాక్ష్యం వల్లే దాదా ఇంటికొచ్చాడు, మా అబ్బా పుట్టాడు, నేను తెలుగులో ఇది రాస్తున్నాను. మన ఉనికి గురించి ఎవరు చెబితే వినాలి అని ఎవరైనా అడిగితే నేను పేల్చినవాళ్ళను అడగమనను, వాళ్ళ వారసులనూ అడగమనను. ఎదురుంగ ఉన్నోళ్ళని అడగండి.